జైల్లో ఉన్నవాడికి రెండు గదుల ఇల్లు

వెర్నన్ టేట్ ఓక్లహోమా జైల్లో ఉన్నాడనీ, 2031 దాకా బయటికి రాడనీ ఒక కంపెనీ రాతపూర్వకంగా తేల్చి చెప్పింది. ఆ కాగితం వచ్చిన ఉదయం వెర్నన్ టేట్ అక్కడికి దాదాపు వెయ్యి మైళ్ల దూరాన టొలీడోలో, మా స్కూలు బస్సుల షెడ్డులో, నా బల్ల ముందు నిలబడి ఉడకబెట్టిన గుడ్డు ఒలుచుకుంటున్నాడు. పెంకులు కింద పడకుండా జేబురుమాలులో వేసుకుంటున్నాడు. అలాంటి మనిషి.

నా పేరు ఇర్మా. ఇరవై ఆరేళ్లుగా ఆ షెడ్డులో రేడియో దగ్గర కూర్చుంటున్నాను. ఏ బస్సు ఏ దారిన పోవాలో, ఏ పిల్ల ఏ మలుపులో దిగాలో చెప్పడం నా ఉద్యోగం. నా నోరు మంచిది కాదని డ్రైవర్లందరూ అంటారు. ఆ మాటైనా నేను గదిలో లేనప్పుడు చూసుకుని అంటారు. వెర్నన్ మాత్రం ఎప్పుడూ అనలేదు. అసలు అతనికి నోట్లో నాలుక ఉందా అని నాకే అనుమానం. పందొమ్మిదేళ్లలో అతను నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా మా చెల్లెలు ఒక్క ఫోన్లో మాట్లాడేటన్ని ఉండవు.

అతనికి అరవై ఒక్క ఏళ్లు. ఆరడుగుల మూడంగుళాల ఎత్తు. నాలాగే నల్లజాతి మనిషి. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి, తన పదకొండో నంబరు బస్సు చుట్టూ తిరిగి, ప్రతి టైరునీ చెక్క సుత్తితో కొట్టి చూసుకునేవాడు. పందొమ్మిదేళ్లలో ఒక్క ప్రమాదం లేదు, ఒక్క ఫిర్యాదు లేదు. మా రాష్ట్రంలో స్కూలు బస్సు నడిపేవాడు ఆరేళ్లకోసారి వేలిముద్రలు ఇవ్వాలి. పిల్లల దగ్గరికి పంపే ముందు ప్రభుత్వం మనిషిని గిన్నె తోమినట్టు తోమి చూస్తుంది. వెర్నన్‌ని నాలుగుసార్లు తోమింది. మరక దొరకలేదు.

భార్య లొరెట్టా పోయాక ఆసుపత్రి బాకీలకు ఇల్లు అమ్మేసి, ఒక క్షౌరశాల మీదనున్న ఒంటి గదిలోకి మారాడు. ఒక్క మనిషికి అది చాలు. కానీ ఫిబ్రవరిలో మంచు మీద కారు జారి అతని కూతురు షెరిల్ చనిపోయింది. షెరిల్‌కి టియానా అని తొమ్మిదేళ్ల కూతురు. దాని తండ్రి ఎక్కడున్నాడో ఆయనకే తెలియదు. ఒంటి గదిలో ఆడపిల్లను ఉంచడానికి వీల్లేదని కౌంటీ పిల్లల సంక్షేమ శాఖ వాళ్లు టియానాని ముప్పై మైళ్ల అవతల ఒక ముక్కూమొహం తెలియని కుటుంబం దగ్గర పెట్టారు. శనివారం శనివారం రెండు గంటలు తాతా మనవరాలూ ఆ శాఖ ఆఫీసులో ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చుని పేకాట ఆడుకునేవారు.

కేసు చూస్తున్న అమ్మాయి పేరు మిస్ కోవాల్‌స్కీ. మంచి పిల్లే. వెర్నన్ వేలిముద్రలు మళ్లీ తీయించి, దేశమంతా వెతికించి, ఏ కేసూ లేదని కాగితం తెచ్చిపెట్టింది. ఇంకొక్కటే తక్కువని చెప్పింది. జూన్ పన్నెండున కోర్టులో విచారణ ఉంది. ఆ రోజుకి పిల్లకి వేరే గది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకున్నట్టు ఒప్పంద పత్రం చూపించాలి. చూపించకపోతే పిల్ల రెండు వేల మైళ్ల అవతల ఫీనిక్స్ వెళ్లిపోతుంది. అక్కడ తండ్రి తరఫు మేనత్త ఒకావిడకి నాలుగు గదుల ఇల్లుంది. ఆవిడ టియానాని చూసింది ఒక్కసారి, అది కూడా ఉయ్యాల్లో ఉన్నప్పుడు.

మే చివరి వారంలో వెర్నన్‌కి ఇల్లు దొరికింది. మేపుల్ రన్ అని, స్కూలుకి నడిచి వెళ్లే దూరంలో పాతికేళ్ల నాటి అపార్ట్‌మెంట్లు. కింది అంతస్తులో రెండు పడకగదులు. ఆ ఆఫీసులోకి అడుగు పెట్టగానే వెనిలా వాసన కొవ్వొత్తి, గాజు పళ్లెంలో బిస్కెట్లు, గోడ మీద ‘ఇంటికి స్వాగతం’ అని బంగారు రంగు అక్షరాలు. అంత స్వాగతం పలికే గోడను చూస్తేనే నాకు అనుమానం వచ్చేది. వెర్నన్‌కి రాలేదు. కైలీ అనే పాతికేళ్ల పిల్ల అరవై అయిదు డాలర్లు తీసుకుని, ఇవి తిరిగి ఇవ్వబడవు అని నవ్వుతూ చెప్పి, దరఖాస్తు నింపించుకుంది. ఆ శనివారం వెర్నన్ ఫోన్లో ఆ ఇంటి ఫోటో టియానాకి చూపించాడు. అందులో నా కిటికీ ఏదని అది అడిగిందట. ఆ సంగతి నాకు సోమవారం చెప్పాడు. తనంతట తాను వచ్చి నాకు ఒక కబురు చెప్పడం అదే మొదటిసారి.

మంగళవారం సమాధానం వచ్చింది. మీ దరఖాస్తు ఆమోదించలేకపోతున్నాం, ధన్యవాదాలు. ఎందుకో లేదు. కైలీకి ఫోన్ చేస్తే కారణం తనకీ తెలియదని చెప్పిందట. వాళ్లు పేరూ పుట్టిన తేదీ ఒక తనిఖీ కంపెనీకి పంపుతారు. కంపెనీ నుంచి తెర మీదికి ఎరుపు అయినా వస్తుంది, ఆకుపచ్చ అయినా వస్తుంది. ఇతనికి ఎరుపు వచ్చింది. ఒక మనిషికి నెత్తిన కప్పు ఉండాలో వద్దో రోడ్డు కూడలిలో దీపం తేల్చినట్టు తేలుస్తారన్నమాట. కూడలిలో దీపమైనా నిమిషానికి మారుతుంది.

కంపెనీని అడిగితే మర్నాడు ఉదయం రిపోర్టు పంపింది. నేను మొదట చెప్పింది ఆ కాగితమే. ఎనిమిది పేజీలు. మొదటి పేజీలో పేరు, చిరునామా, పుట్టిన తేదీ అన్నీ సరిగ్గా ఉన్నాయి. మూడో పేజీలో ఓక్లహోమాలో తుపాకీ చూపించి దోపిడీ, ఇరవై ఏళ్ల శిక్ష, ప్రస్తుతం జైల్లో ఉన్నాడు అని ఉంది. పుట్టిన తేదీ దగ్గర ‘లభ్యం కాలేదు’ అని రాశారు. ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. కళ్లు నీలం. జాతి తెల్లజాతి.

నేను ఆ పేజీ పట్టుకుని వెర్నన్ కళ్లలోకి చూశాను. అతను గుడ్డు నములుతూ నిలబడ్డాడు.

"నీలం కళ్లట," అన్నాను.

"లొరెట్టా ఉంటే సంతోషించేది," అన్నాడు.

వాళ్ల పని తీరు తర్వాత తెలుసుకున్నాను. ఊరూరా కోర్టుల నుంచి శిక్షల జాబితాలు గంపగుత్తగా కొంటారు. చాలా చోట్ల కోర్టులు పుట్టిన తేదీ ఇవ్వవు. అయితే ఏం, పేరు ఉందిగా. పేరు కలిస్తే చాలు, ఆ నేరం తెచ్చి ఈ మనిషి నెత్తిన పెట్టేస్తారు. మనిషిని మనిషి చూడడు. చూడటానికి జీతం ఇవ్వాలి కదా.

మా బస్సులెక్కే పిల్లల్లో ఈ ఏడాది ముగ్గురు జేలెన్ విలియమ్స్‌లు ఉన్నారు. ఇద్దరు ఒకే తరగతి. స్కూలు తెరిచిన మొదటి వారం ప్రతి చిన్న పిల్ల చొక్కాకీ బస్సు నంబరు, దిగే మలుపు, టీచర్ పేరు రాసి పిన్ను పెడతాం. డ్రైవరు పేరు అడుగుతాడు, మలుపు అడుగుతాడు, కింద ఎవరు వచ్చి నిలబడ్డారో చూస్తాడు, అప్పుడు తలుపు తీస్తాడు. ఒక జేలెన్‌ని ఇంకో జేలెన్ ఇంటి దగ్గర దింపితే ఆ సాయంత్రమే నా ఉద్యోగం పోతుంది. పోవాలి కూడా. వీళ్లు మాత్రం ఓక్లహోమా తెల్లవాణ్ణి తెచ్చి టొలీడోలో నల్లవాడి ఒంట్లో దింపి, అందుకు డబ్బు తీసుకుంటారు. పైగా ఆ కంపెనీ కాగితం పైన ‘నమ్మకం మా పునాది’ అని అచ్చు వేసుకుంటుంది.

ఆ సాయంత్రం ఇద్దరం మేపుల్ రన్‌కి వెళ్లాం. నేను ఎందుకని వెర్నన్ అడగలేదు. నోరున్న మనిషి ఒకరు కావాలని అతనికీ తెలుసు. కైలీ మూడో పేజీ చదివి, వెర్నన్‌ని కింది నుంచి పైదాకా చూసింది. ఆ పిల్ల మొహంలో సిగ్గు లాంటిది ఒకటి వచ్చి పోయింది. పోయాక ఆఫీసు గొంతు వచ్చింది.

"మిస్టర్ టేట్, రిపోర్టు ప్రకారం మీరు ఇంకా లోపలే ఉన్నారు."

"లోపలే ఉంటే నాకు ఇల్లు ఎందుకమ్మా?"

"నాకు అర్థమవుతోందండీ. కానీ ఆ మాట మీరు కంపెనీతో చెప్పాలి. వాళ్లు మారిస్తేనే మా దగ్గర రంగు మారుతుంది."

"ఈయన నీ ఎదురుగా నిలబడ్డాడు," అన్నాను నేను. "కళ్లున్నాయిగా నీకు. ఏ రంగో చెప్పు."

ఆ పిల్ల బిస్కెట్ల పళ్లెం నా వైపు జరిపింది. కౌంటీ వాళ్లు వేలిముద్రలు చూసి ఇచ్చిన కాగితం చూపించాం. అది తమ కంపెనీ ఇచ్చింది కాదు కాబట్టి ఒప్పుకోవడానికి లేదంది. మొత్తం ప్రభుత్వం కలిసి శుభ్రమని రాసిచ్చిన కాగితం ఆ బల్ల మీద చేతులు తుడుచుకునే కాగితంతో సమానమైంది. చివరికి ఆ ఇంటికి ఎలాగూ రంగులు వేయాలి కాబట్టి జూన్ తొమ్మిదో తారీకు శుక్రవారం దాకా ఎవరికీ ఇవ్వకుండా ఉంచుతానని మాత్రం మాటిచ్చింది. పది రోజులు.

మర్నాటి నుంచి ఫోన్లు. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, మీ ఫోన్ మాకు ముఖ్యం. నలభై నిమిషాలు పిల్లనగ్రోవి వినిపించి, అభ్యంతరాలు కంప్యూటర్లోనే రాయాలని చెప్పి పెట్టేశారు. సరే, నా బల్ల మీద కంప్యూటర్లో రాయడానికి కూర్చున్నాం. ‘ఈ రికార్డు నాది కాదు’ అని ఒక గడి ఉంది. దాన్ని నొక్కాం. అప్పుడు కంపెనీ వెర్నన్‌ని అడిగింది, నువ్వు నిజంగా వెర్నన్ టేట్‌వేనని నమ్మకం ఏమిటని. రుజువుకి నాలుగు ప్రశ్నలు. మూడింటికి సరిగ్గా చెప్పాడు. నాలుగోది, ఈ కింది చిరునామాల్లో మీరు ఎక్కడ నివసించారు అని. ఓక్లహోమాలో నాలుగు వీధులు, చివర ‘వీటిలో ఏదీ కాదు’ అని. వెర్నన్ ఏదీ కాదన్నాడు. మీ గుర్తింపు నిర్ధారణ కాలేదు, రేపు ప్రయత్నించండి అని వచ్చింది.

మర్నాడు మళ్లీ అదే. నాకు అప్పుడు వెలిగింది. వాళ్ల పెట్టెలో ఇద్దరు టేట్‌లూ కలిసిపోయి ఒకే మనిషయ్యారు. ప్రశ్నలు ఆ కలిసిపోయిన మనిషివి. ఆ దొంగ ఇల్లెక్కడో చెప్పగలిగితేనే ఇతను ఇతనని ఒప్పుకుంటారు. ఆ నాలుగు వీధుల్లో రెండోదాని పేరు రిపోర్టు అయిదో పేజీలో కూడా ఉంది. అది నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. ఇంకొక్క ప్రయత్నమే మిగిలింది. అది కూడా పోతే ఉత్తరం రాయాలి, దానికి ముప్పై రోజులు.

ఆ వీధి పేరు చూపించి, అది నొక్కమన్నాను.

వెర్నన్ నా వైపు తిరిగాడు. "అక్కడ ఉన్నానని చెప్పి, అక్కడ లేనని రుజువు చేసుకోమంటావా?"

"ప్రశ్న అడిగేది మనిషి కాదు వెర్నన్. అది ఒక తాళం. తాళానికి అబద్ధం చెప్తే పాపం రాదు."

"నేను అక్కడ లేను, ఇర్మా," అన్నాడు. అని సాయంత్రం ట్రిప్పుకి టైము అయిందని బస్సు తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు.

మనవరాలి బతుకు తేలే చోట ఈ మడి ఏమిటి? అవతల వాళ్లు అబద్ధాన్ని ఎనిమిది పేజీలు అచ్చు వేసి అమ్ముకుంటుంటే ఇతను ఒక్క గడి నొక్కడానికి వెనకాడతాడా? పదకొండో నంబరు బస్సు గేటు దాటగానే మూడు ప్రశ్నలకీ అతను చెప్పిన జవాబులే పెట్టి, నాలుగోదానికి ఆ వీధి నొక్కాను. ధన్యవాదాలు మిస్టర్ టేట్, మీ గుర్తింపు నిర్ధారణ అయింది అని వచ్చింది. అభ్యంతరం మొత్తం నేనే రాశాను. లైసెన్సు నకలు, జీతం కాగితం, కౌంటీ కాగితం అన్నీ జత చేశాను. ఎత్తు, రంగు, కళ్లు అన్నీ విడమరిచి రాశాను. నా రాత నాకే ముద్దొచ్చింది.

వెర్నన్ తిరిగొచ్చాక, పని అయింది, తీసుకున్నారు అని మాత్రం చెప్పాను. ఎలా అయిందని అతను అడగలేదు. మర్నాడు నా బల్ల మీద రెండు గుడ్లు, కాగితంలో పొట్లం కట్టిన ఉప్పు పెట్టి ఉన్నాయి.

ఎనిమిదో తారీకున జవాబు వచ్చింది. ఉత్తరానికైతే ముప్పై రోజులు అడిగేవాళ్లు దీన్ని వారంలోనే తేల్చేశారంటే మనిషి ఎవడూ ముట్టుకోలేదన్నమాట. నేను పంపిన కాగితాల ఊసే లేదు. విచారణ పూర్తయిందట. గుర్తింపు నిర్ధారణ సమయంలో వినియోగదారుడు ఓక్లహోమా చిరునామా తనదేనని స్వయంగా ధ్రువీకరించినందున, రికార్డు సరైనదేనని నిర్ణయించడమైనదట.

వెర్నన్ ఆ పేజీ రెండుసార్లు చదివాడు. తర్వాత దాన్ని నా బల్ల మీద పెట్టి, ఆ వాక్యం కింద వేలు ఉంచాడు.

"ఇది నేను ఎప్పుడు చెప్పాను?"

నేను చెప్పాను. నీళ్లు నమలలేదు, అంత మాత్రం చేశాను. నువ్వు వెళ్లాక నేనే నొక్కాను అన్నాను. అతను తిడతాడని చూశాను. తిడితే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు. అతను కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బస్సు దగ్గరికి పోయి, అప్పటికే ఒకసారి చూసుకున్న టైర్లని మళ్లీ మొదటి నుంచి కొట్టుకుంటూ వచ్చాడు. కిటికీలోంచి ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను. ఇరవై ఆరేళ్లలో అంత తెలివితక్కువ పని నేను చేయలేదు. తెలివి అనుకుని చేశాను, అది ఇంకా ఘోరం.

శుక్రవారం మేపుల్ రన్ ఇల్లు వేరే వాళ్లకి వెళ్లిపోయింది. వెర్నన్ ఇంకో మూడు చోట్లకి కాళ్లరిగేలా తిరిగాడు. రెండు చోట్ల అదే కంపెనీ తనిఖీ. మూడో చోట ముసలి యజమాని తనిఖీలు ఏమీ చేయనన్నాడు. బతికాం అనుకునేలోపు, పిల్లలున్న వాళ్లకి ఇవ్వనన్నాడు. పదో తారీకు శనివారం టియానా తన కిటికీకి తెర కుట్టుకుంటున్నానని చెప్పిందట. ప్రస్తుతం ఉంటున్న ఇంటావిడ పాత దుప్పటి ఒకటి ఇచ్చిందట.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంతసేపూ ఊరందరినీ తిట్టుకుంటూ వచ్చాను గాని, నాకూ ఒక ఇల్లుంది. అప్పు తీరిపోయిన ఇల్లు. కింద నేను ఉంటాను. పైన రెండు పడకగదులు, మధ్యలో స్నానాల గది. నా కొడుకు పెళ్లి చేసుకుని కొలంబస్ వెళ్లిపోయి పన్నెండేళ్లయింది. ఒక గదిలో నేను ఇస్త్రీ బల్ల పెట్టుకున్నాను. రెండో గదిలో ఏమీ లేదు. ఆ రెండు వారాల్లో ఆ గదుల సంగతి నాకు గుర్తు రాలేదని చెప్పను. రోజూ గుర్తొచ్చింది. గుర్తొచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం పెట్టాను. మెట్లు నిటారుగా ఉన్నాయి, పిల్ల జారిపడుతుంది. పరాయి మగవాడు ఇంట్లో ఉంటే చర్చిలో ఏమనుకుంటారో. నా మోకాళ్లు. అసలు సంగతి, సాయంత్రం ఇంటికి పోయి తలుపు వేసుకుంటే ఎవరి గొంతూ వినపడకపోవడం నాకు ఇష్టం. దినమంతా రేడియోలో అందరి గొంతులూ వినే మనిషిని. ఆ నిశ్శబ్దం పోగొట్టుకోవడం కన్నా కంపెనీలతో పోట్లాడటం నాకు తేలికైంది.

పన్నెండో తారీకు సోమవారం కోర్టుకి వెళ్లాను. అప్పటికి బడులు మూసేశారు, సెలవు పెట్టే అవసరం లేకపోయింది. వెర్నన్ లొరెట్టా అంత్యక్రియలకి వేసుకున్న కోటు వేసుకొచ్చాడు. మిస్ కోవాల్‌స్కీ ఫైలు ఒళ్లో పెట్టుకుని వసారాలో బల్ల మీద కూర్చుని ఉంది. జడ్జి ఎదుట ఒప్పందం లేదని చెప్పక తప్పదనీ, ఫీనిక్స్ ఆవిడ ఫోన్లో సిద్ధంగా ఉందనీ, టికెట్ శాఖే కొంటుందనీ వివరించింది. వివరిస్తూ వివరిస్తూ ఆగిపోయింది.

"మిస్టర్ టేట్, ఈ ఊళ్లో మీకు రెండు గదులు ఇచ్చేవాళ్లు ఎవరూ లేరా? చుట్టం కానక్కర్లేదు. ఎవరైనా సరే."

"లేరమ్మా," అన్నాడు వెర్నన్.

నేను అతని పక్కనే కూర్చున్నాను. అతను నా ఇల్లు చూడనివాడు కాదు. నాలుగేళ్ల కింద నా బట్టలుతికే యంత్రాన్ని వీపు మీద మోసుకుని నేలమాళిగలోకి దించింది ఇతనే. ఆ తర్వాత పై గది కిటికీ బిగుసుకుపోయిందంటే మెట్లెక్కి వెళ్లి బాగుచేశాడు. రెండు గదులూ చూశాడు. ఖాళీగా ఉన్నాయని తెలుసు. తెలిసి కూడా, లేరమ్మా అన్నప్పుడు నా వైపు చూడలేదు. నాకు ఇబ్బంది కలగకూడదని చూడలేదు. తల కొట్టేసినట్టయింది నాకు.

"ఉన్నారు," అన్నాను.

మిస్ కోవాల్‌స్కీ నా వైపు తిరిగింది. ఇల్లు నాదే, పైన రెండు గదులు ఖాళీ, కాగితం ఇవ్వు, ఒప్పందం ఇప్పుడే రాస్తాను అన్నాను. ఆ పిల్ల ఫైల్లోంచి గీతల కాగితం ఒకటి చించి ఇచ్చింది. ఒళ్లో పెట్టుకుని రాశాను. వెర్నన్ దాన్ని చదివి, అద్దె అంకె దగ్గర పెన్ను తీసుకుని నేను రాసింది కొట్టేసి, ఎక్కువ వేసి, సంతకం పెట్టాడు.

జడ్జి నెరిసిన జుట్టు ఆవిడ. నన్ను మూడే ప్రశ్నలు అడిగింది. ఇల్లు ఎవరిది, ఇంకెవరుంటారు, ఈయన ఎన్నాళ్లుగా తెలుసు. మూడో దానికి పందొమ్మిదేళ్లు అని చెప్పాను. చెప్పాక ఆ అంకె నా నోట్లో చేదుగా మిగిలింది. ఫైల్లో కంపెనీ రిపోర్టు కూడా ఉంది. ఆవిడ నీలం కళ్ల పేజీ చదివి, వెర్నన్‌ని చూసి, ఆ పేజీ బోర్లించి పక్కన పెట్టింది. ఆ పని చేయడానికి ఆవిడకి ముప్పై రోజులు పట్టలేదు. ఇల్లు తనిఖీ చేయాలి, ఇంట్లో ఉండేవాళ్లందరి వేలిముద్రలు తీయాలి, అవి సరిగ్గా ఉంటే పిల్లని తాత దగ్గరికి పంపండి అని రాసింది. ఫోన్లో ఫీనిక్స్ ఆవిడ సరేనంది. ఆవిడ గొంతులో నాకు బరువు దిగిన ఊపిరే వినిపించింది.

వేలిముద్రలు నావి కూడా తీశారు. గాజు పలక మీద ఒక్కో వేలూ పెడుతుంటే నాకు చెమట పట్టింది. ఎక్కడో ఏదో రాష్ట్రంలో ఇంకో ఇర్మా ఏం చేసి కూర్చుందో అని. ఏమీ రాలేదు. వేళ్లు చూసేవాళ్లకి మనిషి దొరుకుతాడు.

ఆ కంపెనీకి వెర్నన్ ఆ తర్వాత ఉత్తరం రాశాడు, తన చేత్తో. ఉచితంగా చూసిపెట్టే లాయరు ఒకాయన ఇంకొకటి రాశాడు. నేటికీ దిద్దలేదు. అతను ఇప్పటికీ వాళ్ల పెట్టెలో ఓక్లహోమాలోనే ఉన్నాడు. రోజూ ఇక్కడ బస్సు నడుపుతున్నాడు. ఓక్లహోమాలో ఉన్న అసలు టేట్ ఎవరో గాని, పాపం, అతని నెత్తిన టొలీడోలో కరెంటు బిల్లులు పడుతుంటాయి.

పదిహేడో తారీకు శనివారం టియానా వచ్చింది. రెండు సంచులు, కుట్టిన తెర ఒకటి. అది మెట్లు రెండేసి చొప్పున ఎక్కి పైకి పోయి, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పరిగెత్తుతూ ఒక్కో కిటికీ తెరిచింది. నా ఇంట్లో అంత చప్పుడు పన్నెండేళ్ల తర్వాత అదే. నేనూ వెర్నన్ మంచం పలకలు పైకి చేరుస్తున్నాం. మెట్ల మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగాం. ఆ వారమంతా అడగకుండా దాచుకున్న మాట అప్పుడు అడిగేశాను.

"గదులు ఖాళీగా ఉన్నాయని నీకు తెలుసు. మరి నన్ను ఎందుకు అడగలేదు?"

అతను పలక ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకున్నాడు. కోపంగా అనలేదు. దారి చెప్పినట్టే చెప్పాడు.

"అడిగితే ఏదో ఒక కారణం చెప్పేదానివి, ఇర్మా. కారణాలు నాకు అప్పటికే చాలా వచ్చాయి. నీ దగ్గర నుంచి కూడా ఒకటి వినాలనిపించలేదు."

చెప్పేదాన్నే.